తడబాటు పరీక్ష

తెర మీద రెండు గీతలు పక్కపక్కనే పరుగెడుతున్నాయి. ఒకటి తొమ్మిదేళ్ళ లాస్య చూపుది, రెండోది గొంతుది. చూపు ఒక అక్షరం దగ్గర చిక్కుకుపోయినా, గొంతు తడబడినా గీతలు విడిపోతాయి. అలా గీతలు విడిపోయిన పిల్లలకే డాక్టర్ నసీమా కనిపెట్టిన బల్ల ఇస్తారు. ఆ బల్ల మీద పుస్తకం పెడితే చాలు, పాఠం చదివి వినిపిస్తుంది, బొమ్మలు గీసి చూపిస్తుంది. పిల్లలు నోటితో చెప్పిన జవాబును తనే రాసిపెడుతుంది.

లాస్య పాడైన మిక్సీని విప్పి, బాగుచేసి మళ్ళీ బిగించేస్తుంది. అదే పిల్లకు వాచకం తెరిస్తే చెమటలు పడతాయి. బల్ల రాకపోతే బడి మానేస్తానంటోందని తల్లి హారిక బెంగ.

కానీ కాకినాడలో ఆ బల్ల మీద మోజు అంతా ఇంతా కాదు. దాని మీద చదివితే ర్యాంకులొస్తాయని పుకారు పుట్టగానే, చక్కగా చదివే పిల్లలకు తడబడటం నేర్పే కోచింగ్ సెంటర్లు వీధికొకటి వెలిశాయి. నవ్వకండి, వాటిలో సీటు దొరకడమే కష్టంగా ఉంది.

లాస్య చదవడం ముగించింది. గీతలు చివరిదాకా విడిపోలేదు.

"మీ అమ్మాయి చాలా బాగా చదువుతోందమ్మా. బల్ల అవసరం లేదు," అంది నసీమా.

కూతురి చదువును ఒకరు మెచ్చుకోగా హారిక వినడం అదే మొదటిసారి. ఒక్క క్షణం పొంగిపోయింది. ఆ వెంటనే తను చేసిన పని గుర్తొచ్చింది. పరీక్ష అనగానే అలవాటు కొద్దీ ఆ పేజీ ఎక్కడో సంపాదించి, ఏ మాటకు వేలు, చూపు ఎక్కడుండాలో కూడా చూపించి, బట్టీ పట్టించింది తనే. పిల్ల నలుగురిలో నవ్వులపాలు కాకూడదన్న ఆరాటంలో, ఈ పరీక్ష తప్పితేనే మేలన్న సంగతి ఆమెకు తట్టనే లేదు.

"అది చదవలేదు మేడం, అప్పజెప్పింది. ఇంకో పేజీ ఇచ్చి చూడండి."

నసీమా పేజీ తిప్పింది. లాస్య మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. తెర మీద గీతలు విడిపోయాయి.

నసీమా మెషిన్ ఆపేసింది.

"ఇందాక గడగడా చదివిన పిల్ల, మీరు అడగ్గానే చదవలేకపోయింది. పొద్దుటి నుంచీ ఇలాంటివాళ్ళనే చూస్తున్నానమ్మా. ఏ సెంటర్లో నేర్పించారు?"



లాస్య తల్లి చెయ్యి పట్టుకుని ఆశగా అడిగింది.

"ఈసారి నాకు నిజంగానే రాలేదమ్మా. ఇస్తారా బల్ల?"