మైకు లేని మాట

"మైకు కాస్త ఆపుతారా?"

ఆ మాట అన్నది ఎవరా అని మైకబ్బాయి తలెత్తి చూశాడు. కమ్యూనిటీ హాలు గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. భుజాన బ్యాగు, చేతిలో నీళ్ళు కారుతున్న గొడుగు.

"సౌండ్ ఎక్కువైందా మేడమ్? తగ్గిస్తా."

"తగ్గించడం కాదు. తీసెయ్యండి."

మైకబ్బాయికి ఒళ్ళు మండింది. ఆ పేటలో ఏ మీటింగ్ జరిగినా మైకు అతనిదే, మొదటి "హలో హలో" కూడా అతనిదే. మైకు ముందు అతని గొంతు ఎంత గంభీరంగా ఉంటుందంటే, కొత్తవాళ్ళు ఎవరో పెద్ద నాయకుడు వచ్చాడనుకుని లేచి నిలబడేవారు. మైకు పక్కన పెడితే మాత్రం అదే గొంతు పీలగా అయిపోయి నోట్లోనే తిరుగుతుంది. "మా వాడు ఇంకాస్త వడ్డించమనాలన్నా మైకులోనే అడగాలి," అని వాళ్ళమ్మ నవ్వేది.

"మైకు లేకపోతే మీటింగ్ ఎలా అవుతుంది మేడమ్?"

"ఇన్నాళ్ళూ మైకు ఉందిగా. వంతెన అయిందా?"

అతను మైకు వైరు పీకేశాడు.

పేటకీ బడికీ మధ్య ఒక కాలవ ఉంది. దాని మీదున్న నడక వంతెన కిందటి వానలకి కొట్టుకుపోయింది. అప్పట్నించి పిల్లలు లారీలు తిరిగే పెద్ద రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి బడికి వెళ్తున్నారు. ఒక లారీ తగిలి టైలరమ్మ కూతురి చెయ్యి విరిగింది. పక్కా వంతెన వచ్చేదాకా చెక్క వంతెన వేసుకోండి, మా ఇంజనీరు దగ్గరుండి చూస్తాడని మున్సిపల్ ఆఫీసు వాళ్ళు ఎప్పుడో చెప్పారు. ప్రతి మీటింగులోనూ రిటైర్డ్ హెడ్మాస్టారు మైకు పట్టుకుని "మనమందరం నడుం బిగించాలి!" అనేవారు. అందరూ చప్పట్లు కొట్టి, ఇంటికెళ్ళి పడుకునేవారు.

ఇప్పుడు ఒక సంస్థ వాళ్ళు ఈ అమ్మాయిని పంపారు, పేటవాళ్ళని కదిలించమని.

ఆమె కుర్చీలన్నీ లాగి గుండ్రంగా వేసింది. వచ్చినవాళ్ళు ముందు వరస ఏదో, వెనక వరస ఏదో తెలియక తెల్లమొహాలు వేశారు. ఎప్పుడూ గోడకి ఆనుకుని నిలబడే టైలరమ్మ ఆ రోజు హెడ్మాస్టారి పక్కన కూర్చోవలసి వచ్చింది. కూర్చున్నాక మెల్లగా నోరు విప్పింది. "నేను మిషను ఆపి వస్తాను. నాకు ఏం పనిస్తారో చెప్పండి."

మైకబ్బాయి వైర్లు చుట్టుకుంటూ అంతా చూశాడు. కోపం ఎటుపోయిందో తెలియలేదు. ఆ రోజు నించి ఆ అమ్మాయికి పేటలో "కుర్చీలమ్మాయి" అనే పేరు ఖాయమైంది. ఆ కుర్చీలు మోసే పని మాత్రం, ఎవరూ అడక్కుండానే, మైకబ్బాయి తన మీద వేసుకున్నాడు.

"మీకు వేరే పని లేదా?" అని ఒకసారి అడిగింది ఆమె.

"మీరు మైకు తీయించేశాక ఇంకేం పని మేడమ్?"

ఆమె పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది. ఆపుకోవడం కూడా అతను చూశాడు.

ఒక మధ్యాహ్నం ఇద్దరూ ఇల్లిల్లూ తిరుగుతుంటే జడివాన పట్టుకుంది. టైలరమ్మ కొట్టు చూరు కింద దూరారు. చూరు చిన్నది. అతను మర్యాదగా ఇవతలికి జరిగేసరికి ఒక భుజం పూర్తిగా తడిసిపోయింది.

"లోపలికి రండి, నేనేం కొరకను," అంది ఆమె.

"పర్లేదు మేడమ్, సగమే తడుస్తున్నా."

లోపల కుట్టుమిషను ఒక్కసారి ఆగి, మళ్ళీ మొదలైంది. టైలరమ్మ చెవులు పని మీద లేవని ఇద్దరికీ అర్థమైంది.

"ఒక్కటి అడగనా?" అన్నాడు. "మైకులో అందరూ రండి అంటే రానివాళ్ళు, మీరు గుమ్మంలో నిలబడి అడిగితే ఎలా ఒప్పుకుంటున్నారు?"

"అందరూ రండి అంటే పక్కింటివాళ్ళని పిలిచారేమో అనుకుంటారు. మీరు రండి, మీ చేతి సుత్తి కావాలి అంటే, పాపం, ఎటు చూస్తారు? నన్నే అడుగుతోందని తెలిసిపోతుంది." ఆమె చూరు నీళ్ళకి అరచెయ్యి పట్టింది. "మనిషికి కావలసింది అదే. తను లేకపోతే లోటు అని ఒకరు చెప్పాలి."

మీరు లేకపోతే నాకు లోటు, అని అతని నాలుక చివరిదాకా వచ్చింది. చేతిలో మైకు లేదు. మాట లోపలికే వెళ్ళిపోయింది.

"నెలాఖరులోగా పని కదలకపోతే నన్ను ఎక్కడికో దూరంగా పంపేస్తారు," అంది ఆమె, వానలోకి చూస్తూ. ఆ మాట విన్నప్పట్నించి మైకబ్బాయికి కంటి మీద కునుకు లేదు.

అసలు చిక్కంతా దుంగల దగ్గరా, స్థలం దగ్గరా ఉంది. పాత చోట ఒడ్డు కోసుకుపోవడంతో, అవతలి వైపు ఇప్పుడు వంతెన దిగాల్సిన చోటు కలప అడితిలో ఒక మూల. అడితి అన్నదమ్ములిద్దరిది. అన్న పెద్దాయన మొహం చూస్తేనే పిల్లలు పక్క సందులోకి తప్పుకునేవారు. తమ్ముడు చిన్నాయన మెత్తనివాడు. కుర్చీలమ్మాయి రోజూ వెళ్ళి చిన్నాయనతోనే మాట్లాడుతూ వచ్చింది.

శుక్రవారం పొద్దున ఆమె దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. "మైకుగారూ! చిన్నాయన ఒప్పుకున్నారు! ఆ మూల ఇస్తారట, దుంగలు కూడా ఆయనే ఇస్తారట! కానీ..."

కానీ తర్వాత మాట వినే ఓపిక అతనికి ఎక్కడిది? ఆమె మొహంలో ఆ వెలుగు చూశాక కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆటోకి మైకు కట్టించి పేట మొత్తం తిరిగాడు. "హలో, హలో! దానగుణానికి మారుపేరు, మన అడితి చిన్నాయనగారు వంతెనకు స్థలమూ, కలపా ఉచితంగా ఇస్తున్నారు! ఆదివారం ఉదయం అందరూ తరలి రావలసిందిగా కోరుతున్నాం!"

ఆ సమయంలో పెద్దాయన మంగలి షాపులో ఉన్నాడు. ఒక చెంప నున్నగా, రెండో చెంప నురగతో బయటికొచ్చి ఆటోకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవరి అడితిరా? ఎవరు ఇస్తున్నారు?"

చిన్నాయన ఆ సాయంత్రం అన్నని నెమ్మదిగా కూర్చోబెట్టి చెబుదామనుకున్నాడు. అప్పటిదాకా బయటికి పొక్కనివ్వొద్దని కుర్చీలమ్మాయిని బతిమాలాడు. ఆమె చెప్పబోయిన "కానీ" అదే. మధ్యాహ్నానికల్లా అడితి గేటుకి తాళం పడింది. అన్నదమ్ములకి మాటలు లేవు.

ఆమె తిడుతుందని మైకబ్బాయి సిద్ధపడి కూర్చున్నాడు. ఆమె తిట్టలేదు. ఖాళీ హాల్లో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది.

"మీరు మంచి మనసుతోనే చేశారు. తెలుసు," అంది. "కానీ మీకు అందరితో మాట్లాడటం వచ్చు. ఒక్కరితో మాట్లాడటం రాదు. ఒక్కరు మాట్లాడుతుంటే వినడమూ రాదు."

తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి.

మర్నాడు పొద్దున్నే వట్టి చేతులతో అడితికి వెళ్ళాడు. పెద్దాయన గేటు లోపల దుంగ మీద కూర్చుని ఉన్నాడు. మైకబ్బాయి గొంతు సవరించుకున్నాడు. ఏమీ రాలేదు. మళ్ళీ సవరించుకున్నాడు.

"తప్పు... తప్పు నాది పెద్దాయనా."

"ఏంటీ? నిన్న ఊరంతా వినపడింది, ఇవాళ గేటు దాటట్లేదేం నీ గొంతు?"

"తప్పు నాది. మీ తమ్ముడు మీకు చెప్పకుండా ఇద్దామనుకోలేదు. సాయంత్రం చెబుదామనుకున్నాడు. ఈలోపల నేను అరిచేశాను."

పెద్దాయన దుంగ మీది బెరడు గోటితో గీకాడు. "ఆ అమ్మాయి రోజూ వచ్చేది. మా వాడితో మాట్లాడేది, వెళ్ళిపోయేది. నాకేసి చూసేది కూడా కాదు. నేనంటూ ఒకణ్ణి ఉన్నానని ఎవరికైనా గుర్తుందా?"

"ఆవిడకి మీరంటే భయం."

"నాకు ఆవిడంటే భయం! మనిషిని కుర్చీలో కూలేసి మాట్లాడించేస్తుందట!"

నవ్వొచ్చింది గానీ మైకబ్బాయి నవ్వలేదు. గేటు ఊచలు పట్టుకుని, "రేపు మీరు రావాలి పెద్దాయనా," అన్నాడు. "అందర్నీ పిలవట్లేదు. మిమ్మల్ని పిలుస్తున్నాను. ఏ దుంగ బరువు మోస్తుందో చెప్పడానికి మీరు కావాలి."

పెద్దాయన అతన్ని కిందనించి పైదాకా చూశాడు. "వంతెన కోసం వచ్చావా, ఆ పిల్ల కోసం వచ్చావా?"

మైకబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. "రెండూ."

"రెండో సంగతి ఆ పిల్లకి చెప్పావా?"

"లేదు."

"ముందు అది చెప్పి ఏడు. రేపటి సంగతి రేపు చూద్దాం."

తాళం మాత్రం తియ్యలేదు. అయినా మైకబ్బాయి ఆ రోజంతా ఇల్లిల్లూ తిరిగాడు. మీ పలుగు కావాలి, మీ నిచ్చెన కావాలి, మీ అబ్బాయి కావాలి అని ఒక్కొక్కరినీ అడిగాడు. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది. ఇంకో వీధిలో అదే పని చేస్తున్న కుర్చీలమ్మాయి అది దూరంనించి చూసింది.

ఆదివారం పొద్దున ప్రతి మీటింగులోనూ గట్టిగా మాట్లాడినవాళ్ళు చాలామంది రాలేదు. ఎన్నడూ నోరెత్తనివాళ్ళు పనిముట్లతో దిగారు. టైలరమ్మ, కట్టు చేతితో ఆమె కూతురు, పలుగుతో మంగలి వచ్చారు. హెడ్మాస్టారు ప్రసంగం లేకుండానే వచ్చి, ఇంజనీరు టేపుకి రెండో కొస పట్టుకున్నారు. అవతలి ఒడ్డున గేటుకి తాళం అలాగే ఉంది.

కుర్చీలమ్మాయి పెద్ద రోడ్డు మీదుగా ఒక్కతే అవతలికి వెళ్ళింది. గేటు ముందు నిలబడి, "పెద్దాయనా, నేను ముందు మీ దగ్గరికే రావాల్సింది. భయపడ్డాను. తప్పయింది," అంది.

కాసేపటికి తాళం చప్పుడైంది. లోపల్నించి పొడుగాటి దుంగ ఒకటి బయటికొచ్చింది. ముందు కొస పెద్దాయన భుజం మీద, వెనక కొస చిన్నాయన భుజం మీద.

"ఎత్తు," అన్నాడు అన్న.

"ఎత్తే ఉంచాను, నువ్వు నడు," అన్నాడు తమ్ముడు.

అన్నదమ్ముల మాటలు అలా కలిశాయి. ఇవతలి ఒడ్డున టైలరమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

పొద్దు వాలేసరికి వంతెన నిలబడింది. ఇంజనీరు దాని మీద అటూ ఇటూ నడిచి తలూపాడు. సన్నగా తుంపర మొదలైంది. హెడ్మాస్టారు గొంతు సవరించుకుని, "ఏమోయ్, మైకేదీ? ఒక రెండు ముక్కలు..." అన్నారు.

"తేలేదు మాస్టారూ," అన్నాడు మైకబ్బాయి. అతని చూపు వంతెన మధ్యలో ఉంది. అక్కడ కుర్చీలమ్మాయి పక్కనున్న అడ్డకర్ర పట్టుకుని నీళ్ళకేసి చూస్తోంది. వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"రేపట్నించి నాకు అవతలి పేటలో పని," అంది ఆమె. "ఇక్కడ అయిపోయిందిగా."

అతను కిందికి చూశాడు. కాళ్ళ కింద కొత్త చెక్కలున్నాయి.

"వంతెన ఉందిగా," అన్నాడు.

ఆమె తిరిగి చూసింది. అతను బొంగురు గొంతులో ఆ మాట చెప్పాడు. "నాకు మీరంటే ఇష్టం. మీరు లేకపోతే నాకు లోటు."

"వినపడలేదు."

కింద కాలవ హోరు ఎక్కువగానే ఉంది. అతను మళ్ళీ చెప్పాడు.

"ఇంకా వినపడలేదు."

మూడోసారి ఉన్న గొంతంతా పెట్టి చెప్పాడు.

"మాకు వినపడిందమ్మా!" అని అవతలి ఒడ్డునించి పెద్దాయన కేకేశాడు. "నాకూ వినపడింది, ఇక పిల్లాణ్ణి ఏడిపించకు తల్లీ!" అని ఇవతలినించి మైకబ్బాయి వాళ్ళమ్మ.

ఆమె ఈసారి నవ్వు ఆపుకోలేదు. "నాకు మొదటిసారే వినపడింది," అంది. "నువ్వు ఎన్నిసార్లు చెబుతావో చూద్దామని."

నువ్వు అనేసరికి అతనికి వంతెన ఊగినట్టనిపించింది. "మరి జవాబు?"

"అది అందరికీ చెప్పేది కాదు."

ఆమె మునివేళ్ళ మీద లేచి అతని చెవిలో ఏదో చెప్పింది. రెండు ఒడ్లవాళ్ళూ మెడలు చాచారు. హెడ్మాస్టారు చెవి వెనక చెయ్యి కూడా పెట్టుకున్నారు, లాభం లేకపోయింది. మైకబ్బాయి మాత్రం, జీవితంలో మొదటిసారి, చివరి మాట దాకా విన్నాడు.