ఎవరి చెయ్యి

కొత్త ఫోన్ డబ్బా విప్పినప్పుడు వచ్చే వాసన నాకిష్టం. ఆ మధ్యాహ్నం నగరి బజారులో, నిలోఫర్ వాళ్ళ సెల్ షాపులో ఆ వాసన పీలుస్తూ కూర్చున్నాను. నిలోఫర్ నాతో పాటు డిగ్రీ చదివింది. పక్కనే మా నాయన మురుగేష్ పంచె సర్దుకుంటూ, ఏం ముట్టుకుంటే ఏం పగులుతుందో అన్నట్టు నిలబడి ఉన్నాడు.

"భాష ఏం పెట్టేది మే? ఇంగ్లీషా, తెలుగా?" అనింది నిలోఫర్.

"తెలుగే. నాయన కూడా సూడాల గదా."

మాకు ఇంటి వెనక షెడ్డులో మరమగ్గాలు ఉన్నాయి. దళారి చెప్పిన ధరకు చీరలు ఇచ్చి ఇచ్చి నాయన విసిగిపోయాడు. కార్తీకం దాటితే మగ్గాలను పాతినుముకు వేసేస్తానన్నాడు. ఒక్కసారి నన్ను చూడనీ అని అడిగాను. ఫోటోలు తీసి నేరుగా అమ్ముతానని పట్టుబట్టాను. ఈ ఫోన్ అందుకే.

నిలోఫర్ ఒక్కొక్క యాప్ ఎక్కించింది. చీరలు పెట్టి అమ్ముకునేది ఒకటి. పార్సిల్ ఎక్కడికి చేరిందో చూపించేది ఒకటి. తమిళంలో వచ్చిన మెసేజీని తెలుగులోకి మార్చేది ఇంకొకటి. ఫోన్ లో ఎన్ని ఫోటోలు పడతాయో ఆమె చెప్పబోయేలోగా నేనే లెక్కగట్టి చెప్పేశాను.

"నీకు ఫోన్ ఎందుకు మే, నువ్వే ఒక ఫోను," అని నవ్వింది. "ఇప్పుడు బొటనవేలు పెట్టు. ఎత్తు. మళ్ళా పెట్టు."

నా వేలిని ఫోన్ వెంటనే గుర్తుపట్టింది. నాయనను కూడా పెట్టమన్నాను. మళ్ళీ ప్రయత్నించండి అని వచ్చింది. ఎన్నిసార్లు తుడిచి పెట్టినా అదే మాట. నలభై ఏళ్ళు దారం పట్టిన వేలు అది. అరిగి అరిగి గోలీకాయలా నున్నగా ఉంది.

"పెదనాయనా, నీ వేలికి గీతే లేదు. ఇంట్లో మాత్రం ఒక గీత ఉండాది," అనింది నిలోఫర్.

నా పేరు గీతాంజలి. ఇంట్లో గీత.

"ఆ గీత ఒగటి సాల్లేమ్మా," అన్నాడు నాయన.

"అయితే సరి. ఇంక ఇది గీత వేలికీ, గీత గొంతుకీ తప్ప ఎవురికీ పలకదు. ఇంకోటి సూడండి. ఫోన్ ను దూరంగా నిలబెట్టి, ఇట్ల అరచెయ్యి చూపిస్తే సాలు. మూడు లెక్కబెట్టి అదే ఫోటో తీసుకుంటుంది."

ఆమె చెయ్యి ఎత్తింది. అది చూడగానే నాయన చెయ్యి కూడా టక్కున పైకి లేచింది. అరచెయ్యి ముందుకు, వేళ్ళన్నీ చాచి. మరుక్షణం సిగ్గుపడి దించేశాడు.

"అదేంది మే?" నిలోఫర్ నా చెవిలో అడిగింది.

"మా షెడ్డు భాషలే. మగ్గాలు ఆడేటప్పుడు అరిచినా వినపడదు. లోపల చెయ్యి పెట్టి ఏదన్నా సరిచేసేటోళ్ళు రెండో చెయ్యి ఇట్ల ఎత్తుతారు. అంటే 'స్విచ్ ముట్టుకోవద్దు, నా చెయ్యి లోపల ఉండాది' అని. సూసినోళ్ళు తిరిగి చెయ్యి ఎత్తల్ల. దాన్ని మేము చెయ్యివ్వడం అంటాం. ఇచ్చినోళ్ళు స్విచ్ కాడ కావలి. లోపలి చెయ్యి బయటికొచ్చేదాకా కదలకూడదు."

"చెయ్యిచ్చినాడంటే మోసం చేసినాడని గదా?"

"బజారులో అంతే. షెడ్డులో వేరే."

నాయన అప్పటికే మెట్లు దిగి వెళ్ళిపోతున్నాడు. ఆయన ముందు ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మా నాలుగో మగ్గం మీద నేసేవాడు చెంగయ్య. నేను చిన్నప్పుడు షెడ్డుకు పోతే నన్ను పడుగు దూలం మీద కూర్చోబెట్టి ఎక్కాలు అడిగేవాడు. ఎప్పుడూ పందొమ్మిదో ఎక్కమే. నేను తప్పు లేకుండా చెబితే అరటిపండు ఇచ్చేవాడు. ఒక రోజు కరెంటు పోయినప్పుడు మగ్గం లోపల తెగిన పట్టా బిగించడానికి చెయ్యి పెట్టాడు. రెండో చెయ్యి ఎత్తాడు. ఒకరు చెయ్యిచ్చారు. అంతలో ఆ ఇచ్చిన మనిషికి ఫోన్ వచ్చింది. కరెంటు లేదు గదా అని మెయిన్ దించకుండానే మాట్లాడుతూ బయటికి నడిచాడు. కరెంటు వచ్చింది. చెంగయ్య ఆస్పత్రికి కూడా చేరలేదు.

ఆ రోజు చెయ్యిచ్చింది ఎవరో మా ఇంట్లో ఎవరూ అనరు. ఆ తర్వాత మాత్రం నాయన షెడ్డులోకి ఫోన్ తీసుకుపోగా నేను చూడలేదు. నాలుగో మగ్గం మీద చెంగయ్య నేస్తున్న చీర సగంలో అట్లే ఉండిపోయింది. తీయనివ్వడు, నేయనివ్వడు.

నాకు కావలసింది ఆ చీర ఫోటోనే. వంకాయ రంగు నేత, ఒక పక్క పచ్చ అంచు, ఒక పక్క ఎర్ర అంచు. మా షెడ్డులో అంతకంటే మంచి నేత లేదు.

సాయంత్రానికి ఆకాశం సీసంలా అయిపోయింది. ఫోన్ లో వచ్చిన మొదటి వార్త వాయుగుండం గురించే. శ్రీహరికోటలో రాకెట్ ను కూడా వాయిదా వేశారట. కరెంటు పోయింది. పనివాళ్ళు ఇళ్ళకు వెళ్ళారు. అమ్మ తిరుత్తణిలో పిన్ని వాళ్ళింట్లో ఉంది. నాయన నూలు చూడడానికి పుత్తూరు పోయాడు. ఫోన్, దాని స్టాండు, ఒక ఛార్జింగ్ లైటు తీసుకుని నేను షెడ్డులోకి వెళ్ళాను.

అలవాటు ప్రకారం మొదట మెయిన్ పిడి కిందికి దించాను. అది లోపలి గోడకు, నాలుగో మగ్గం పక్కనే ఉంటుంది. జల్లు నూలు మీదికి కొడుతుంటే షట్టరు పూర్తిగా కిందికి లాగేశాను. రేకుల మీద వాన ఒక్కసారిగా దబదబమంది. లోపల మగ్గం నూనె వాసన, గంజి వాసన, తడిసిన నూలు వాసన కలిసి గాలి చిక్కగా అయిపోయింది.

మూడో మగ్గం మీద ఫోన్ నిలబెట్టాను. లైటు చీర మీద పడేట్టు పెట్టాను. దుమ్ము దులిపి, మగ్గం ముందు నిలబడి, ఎడమ చేత్తో అంచు కొంచెం ఎత్తి పట్టుకుని, ఫోన్ కు కుడి అరచెయ్యి చూపించాను.

తెర మీద మూడు. రెండు. ఒకటి. టిక్.

పోయి చూశాను. చీర బ్రహ్మాండంగా వచ్చింది. అంచు పోగులు కూడా లెక్కపెట్టొచ్చు. ఇంకా బాగా చూద్దామని ఫోటోను పెద్దది చేశాను.

నా వెనక, మగ్గానికి అవతల వైపు నుంచి, ఒక అరచెయ్యి లేచి ఉంది. వేళ్ళన్నీ చాచి.

తల ఎత్తి చూశాను. మగ్గం అవతల ఎవరూ లేరు. గోడ, సాలెగూడు, అంతే.

అప్పుడు తట్టింది. ఫోటోలో రెండు చేతులున్నాయి. అడిగింది ఒకరు. ఇచ్చింది... నేను.

ఫోన్ ను అక్కడే వదిలేసి షట్టరు వైపు నడిచాను. పరిగెత్తలేదు. పరిగెత్తితే నిజమైపోతుందని అనిపించింది. షట్టరు కింద రెండు చేతులూ పెట్టాను.

వెనక నుంచి శబ్దం. ఇనుము మీద ఇనుము కిర్రుమంది. మెల్లగా...

మెయిన్ పిడి పైకి లేస్తోంది.

అదే క్షణంలో వెంటిలేటరు సందులోంచి పక్కింటి వెలుతురు పడింది. వాళ్ళ టీవీ మోగింది. వీధికి కరెంటు వచ్చేసింది. ఆ పిడి పైదాకా పోతే చాలు, నాలుగో మగ్గం ఆడుతుంది. దాని స్విచ్ ను ఆ రోజు ఆపేసినాక ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు అది వేసి ఉంది.

ఇప్పుడు లోపల ఒక చెయ్యి ఉంది.

వెనక్కు ఉరికి ఎడమ చేత్తో పిడిని పట్టుకుని కిందికి లాగాను. అది దిగింది. కానీ ఆగలేదు. కింద నుంచి ఎవరో భుజం పెట్టి ఎత్తుతున్నట్టు నా అరచేతిని నెడుతూనే ఉంది. బలమంతా పెట్టి అదిమాను. నా కుడి చెయ్యి... నేను ఎత్తలేదు. దానంతట అదే లేచింది. అరచెయ్యి ముందుకు, వేళ్ళన్నీ చాచి. దించబోయాను. దిగలేదు.

ఎదురుగా ఫోన్ తెర వెలిగింది. మూడు. రెండు. ఒకటి. టిక్.

ఫ్లాష్ వెలుగులో మగ్గం నీడ గోడ మీద పెద్దదై, మళ్ళీ మాయమైంది.

మూడు. రెండు. ఒకటి. టిక్.

ఒక చెయ్యి గాలిలో. ఒక చెయ్యి పిడి మీద. పిడి వదిలితే మగ్గం ఆడుతుంది. వదలకపోతే నేను ఇక్కడే. షట్టరు ఎత్తడానికి మూడో చెయ్యి లేదు.

భయం వేసినప్పుడు నేను అంకెలు పట్టుకుంటాను. గుసగుసగా మొదలుపెట్టాను.

"పందొమ్మిది ఒకట్ల పందొమ్మిది... పందొమ్మిది రెళ్ళ ముప్పై ఎనిమిది... మూళ్ళ యాభై ఏడు... నాలుగుల డెబ్బై ఆరు... అయిదుల..."

అంకె రాలేదు. జీవితంలో మొదటిసారి.

మగ్గం లోపల నుంచి, దారాల కింద నుంచి, మెల్లగా...

"తొంభై అయిదు."

నాకు ఏడుపొచ్చింది. అరటిపండు వాసన వచ్చింది.

"చెంగన్నా," అన్నాను. "చెయ్యి తీసేయన్నా. నేనుండా. తీసేయ్."

పిడి ఇంకా గట్టిగా నెట్టింది. ఇంకెంతోసేపు పట్టలేను.

అప్పుడు గుర్తొచ్చింది. నా గొంతుకు పలుకుతుంది గదా ఫోను.

"నాయనకు ఫోన్ చెయ్యి!" అని అరిచాను.

వాన హోరు. తెర మీద చుక్కలు కదిలాయి. ఫోనులోంచి ఆడగొంతు తీయగా అడిగింది.

"సరిగ్గా వినపడలేదు. ఎవరి చెయ్యి?"

జవాబు చెప్పాలి. నాయన అని చెప్పబోయాను. పిడి ఒక్కసారిగా పైకి తన్నింది. ఊపిరి ఆగిపోయింది. సగమే వచ్చింది.

"నా..."

"సరే," అంది ఫోను.

కుడి అరచేతికి ఏదో తగిలింది. చల్లగా. వేలికి వేలు ఆనించి, కొలత చూసినట్టు. తగిలి, పోయింది.

ఆ తర్వాత రింగు. నాయన గొంతు.

"పాపా, ఇప్పుడే ఇంటికొచ్చినా. యాడుండావు? ఇంట్లో దీపం కూడా లేదు."

"షెడ్డులో... నాలుగో మగ్గం కాడ. చెయ్యిచ్చినా నాయనా."

నాయన చాలా నెమ్మదిగా అన్నాడు.

"కదలొద్దు. వస్తాండా."

షట్టరు లేచింది. వీధి వెలుతురులో నాయన తడిసి ముద్దై నిలబడ్డాడు. నా చెయ్యి చూశాడు. మగ్గం చూశాడు. నడుచుకుంటూ వచ్చి, మగ్గానికి ఎదురుగా నిలబడి, తన కుడి చెయ్యి ఎత్తాడు.

"చెంగయ్యా, నేనబ్బా. మురుగేషుని. ఈసారి యాడికీ పోను," అన్నాడు.

నా చెయ్యి కిందికి జారింది. రక్తం లేనట్టు మొద్దుబారి ఉంది. నాయన ఎడమ చెయ్యి నా చేతి కింద నుంచి పిడిని అందుకుంది.

"నువ్వు బయటికి పో."

"నేను కూడా ఉంటా నాయనా."

"పో మ్మే! ఇది నా కావలి." కళ్ళతోనే చొక్కా జేబు చూపించాడు. "నా ఫోన్ తీసుకుని పో. అది ఈడ ఉండకూడదు. మోగకూడదు."

తీసుకున్నాను. నా ఫోన్ వైపు చూశాను. తెర ఆరిపోయి, తాళం బొమ్మ కనిపిస్తోంది.

"దాన్ని అట్లే ఉండనీ," అన్నాడు నాయన. కొంచెం నవ్వినట్టు కూడా అనిపించింది. "నా వేలికి తెరుచుకోదు గదా. భయం లేదు. షట్టరు దించి పో."

దించాను. చూరు కింద నిలబడ్డాను. వాన తగ్గుతోంది. లోపల మగ్గం ఆడలేదు. చాలాసేపు చెవి షట్టరుకు ఆనించి ఉంచాను. ఆఖరికి నాయన గొంతు వినపడింది, హాయిగా, ఎన్నో ఏళ్ళ బరువు దించినట్టు.

"పాపా... తీసుకున్నాడు. చెయ్యి తీసుకున్నాడు."

తీసేసినాడు అనాలి గదా. తీసుకున్నాడు అంటాడేంది?

"నాయనా, అయితే రా బయటికి."

షట్టరు తట్టాను.

"నాయనా?"

నా చేతిలో ఆయన ఫోన్ మోగింది.

తెర మీద నా పేరు. లోపల మగ్గం మీద ఉన్న నా ఫోన్ నుంచి వస్తోంది ఆ ఫోను. తాళం వేసి ఉన్న ఫోను. నా వేలికి, నా గొంతుకు తప్ప పలకని ఫోను.

ఎత్తడానికి బొటనవేలు తెర మీదికి తెచ్చాను. ఆ వెలుగులో వేలు చూసి ఆగిపోయాను. వీధి దీపం కిందికి పోయి తిప్పి తిప్పి చూశాను. చొక్కాకు తుడిచి మళ్ళీ చూశాను. గోలీకాయలా నున్నగా ఉంది.

ఫోన్ మోగుతూనే ఉంది.

తెర మీద గీత అని ఉంది. వేలి మీద లేదు.