షుగర్‌లెస్ బాదంపాలు

"ఆ లడ్డూ కింద పెట్టండి!"

వినీల నోటిదాకా వెళ్ళిన బందరు లడ్డూ అక్కడే ఆగిపోయింది. కౌంటర్ వెనకనుంచి జయంత్ కళ్ళెర్రజేసి చూస్తున్నాడు.

"అమ్మేది మీరే, తినొద్దనేదీ మీరే. ఇదేం వ్యాపారమండీ?"

"షుగర్ పేషెంట్లకి నేను అమ్మను. ఇటివ్వండి."

వన్ టౌన్‌లో వినీలా వాళ్ళమ్మా అద్దెకుంటున్న ఇంటి కిందే జయంత్ పాలకొట్టు. ఈ మధ్య వాళ్ళ ఫ్రిజ్ ఆగిపోయింది. మెకానిక్ రోజూ రేపొస్తానంటున్నాడు. చల్లగా ఉంచాల్సిన ఇంజెక్షన్ల డబ్బా పట్టుకుని వినీల కిందికి దిగితే, జయంత్ అందులోని పెన్నులాంటి ఇంజెక్షన్ చూసి, "ఓ, షుగరా? మా నాన్నగారూ ఇలాంటిదే పొట్టమీద పొడుచుకుంటారు" అంటూ మజ్జిగ ప్యాకెట్ల పక్కన చోటిచ్చేశాడు.

కాదని చెబుదామని నోరు తెరిచింది గానీ చెప్పలేదు. రొమ్ము క్యాన్సర్ అని తేలినప్పట్నుంచి అందరూ ఆమెతో గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. చర్చిలో శౌరమ్మత్తయితే చెయ్యి పట్టుకుని బావురుమంది. ఇతనొక్కడే తిడుతున్నాడు. ఆ తిట్లు ఎంత హాయిగా ఉన్నాయో! సాయంత్రం ఇంజెక్షన్ కోసం దిగేముందు జడ సరిచేసుకుంటున్నానని గమనించి తనకే సిగ్గేసింది.

డాక్టరమ్మ మాత్రం దాపరికం లేకుండా చెప్పింది. "క్యాన్సర్ వల్లే నీ అండాలు పాడైపోయాయని బెంగపడకు. వాటికి అసలు దెబ్బ కీమోతోనే. అది మొదలయ్యేలోపు కొన్ని తీసి, ఫ్రీజ్ చేసి దాచుకుందాం. రేపు బిడ్డ పుడుతుందని హామీ ఇవ్వలేను. ఆశకి మాత్రం చోటుంటుంది." ఆ అండాలు ఎదగడానికే ఈ ఇంజెక్షన్లు.

జయంత్ లడ్డూ లాక్కుని ఆమె చేతిలో ఒక గ్లాసు పెట్టాడు. "షుగర్‌లెస్ బాదంపాలు. మీకోసమే కాచాను."

ఒక గుక్క తాగి వినీల మొహం చిట్లించింది. "గోడకేసే సున్నంలా ఉందండీ."

"నేను ఉయ్యూరు చెరకు రైతు కొడుకుని. పంచదార లేకుండా పాలు కాచానని తెలిస్తే, తనకి షుగరున్నా సరే, మా నాన్నగారు గడప తొక్కనివ్వరు. అంత త్యాగం చేస్తే సున్నమంటారా? పెళ్ళయ్యాక కూడా ఇలాగే వంకలు పెడితే నావల్ల కాదు."

"ఎవరి పెళ్ళి?"

జయంత్ నాలుక్కరుచుకున్నాడు. బయట చినుకులు మొదలయ్యాయి. అతను వాటికేసి చూస్తూ, "దాచడమెందుకు లెండి. మీరంటే ఇష్టం. షుగరుంటే ఏముంది? మా ఇంట్లో అలవాటే. పిల్లలకి రాకుండా చిన్నప్పట్నుంచే జాగ్రత్త పడదాం" అన్నాడు.

నవ్వబోతున్న వినీల పిల్లలు అన్న మాట దగ్గర ఆగిపోయింది.

"నాకు షుగర్ లేదండీ. రొమ్ము క్యాన్సర్." ఇంక ఆపితే మళ్ళీ చెప్పలేనని గబగబా చెప్పేసింది. "ఆ ఇంజెక్షన్లు అండాలు దాచుకోవడానికి. ఎల్లుండి తీస్తారు. ఆ తరవాత కీమో. జుట్టు ఊడుతుంది. పిల్లలు పుట్టొచ్చు, పుట్టకపోనూవచ్చు. మీరన్న మాట వెనక్కి తీసుకోండి, నేనేమీ అనుకోను."

వద్దంటాడని కాదు ఆమె భయం. ఇతను కూడా గొంతు తగ్గించేస్తాడేమోనని.

జయంత్ ఫ్రిజ్‌లోని డబ్బాకేసి చూశాడు, ఆమెకేసి చూశాడు.

"అంటే," వీధంతా వినబడేలా అరిచాడు, "ఊరికే నాచేత పంచదార లేని పాలు కాయించారా?"

వినీలకి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

"పిల్లల సంగతి తరవాత చూద్దాం," అతని కళ్ళూ తడిశాయి గానీ గొంతు తగ్గలేదు. "నాక్కావలసింది ముందు మీరు. ఆ లడ్డూ తినండి!"

ఆ కేకలకి వినీల తల్లి అమలమ్మ మెట్లు దిగి వచ్చింది. కూతురు కళ్ళు తుడుచుకుంటూ లడ్డూ కొరుకుతోంది. పకపకా నవ్వుతోంది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో!

"ఏంటయ్యా ఆ అరుపులు?"

"మీ అమ్మాయి నన్ను మోసం చేసిందండీ!"

అమలమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఎల్లుండి మాతోపాటు ఆస్పత్రికి రా బాబూ," అంది. "మత్తు దిగాక దీన్ని తిట్టడానికి ఎవరో ఒకరుండాలి."