ఇరవయ్యేడో నంబరు అద్దం

"ఈ అద్దానికి పాస్ ముద్ర కొట్టినవాడెవడో గాని, వాడికి కళ్ళున్నాయంటే నేను నమ్మను."

కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి ఆ మాట అనడం అది నాలుగోసారి. మొదటిసారి కోచ్ అటెండెంటుతో అంది. రెండోసారి పక్కనున్న మేనత్తతో అంది. మూడోసారి అద్దంతోనే అంది. ఈసారి మాత్రం ఎదుటి సీట్లో వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్న కుర్రాడి మొహంలోకి సూటిగా చూసి అంది.

కుర్రాడి చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

ఉండిపోదా మరి? అద్దం కింది మూలన గుండ్రటి స్టిక్కరుంది. దాని మీద 'పరీక్షించి పాస్ చేయడమైనది - 27' అని అచ్చేసి ఉంది. రైలు పెట్టెల షెడ్డులో కిటికీ అద్దాలు చూసే ఇన్‌స్పెక్టరుకి ఇచ్చిన నంబరది. ఆ ఇన్‌స్పెక్టరు ఎవరో కాదు, ఈ కుర్రాడే. నాలుగేళ్ళుగా అద్దాలు పాస్ చేస్తున్నాడు గాని, వాటి వెనక కూర్చుని ప్రయాణం చెయ్యడం ఇదే మొదటిసారి. అక్కకి పాప పుట్టిందని బయల్దేరాడు.

"ఏమండీ, మీరే చెప్పండి. బయట ఏం కనపడుతోంది?" అంది అమ్మాయి.

అతను వంగి చూశాడు. ఎండ పడ్డ అద్దం ఆ చివర నుంచి ఈ చివర దాకా పాలు పోసినట్టు తెల్లగా ఉంది.

"వెలుతురు కనపడుతోందండి."

"వెలుతురు చూడ్డానికి పదహారు గంటల ప్రయాణం అక్కర్లేదు. మా ఇంట్లో ట్యూబ్‌లైటుంది."

అతనికి ఒళ్ళు మండింది. ఆ అద్దం తనకి బాగా గుర్తు. షెడ్డులో మిలమిలా మెరిసిపోయింది. మెరిసే అద్దాన్ని పాస్ చెయ్యక ఏం చేస్తారు? రోజుకి వంద అద్దాలు చూసేవాణ్ణి పట్టుకుని కళ్ళు లేవనడానికి ఈవిడెవరు?

"అయినా ఎడారిలో చూడ్డానికేముందండీ, ఇసుకేగా," అన్నాడు ఉక్రోషంగా.

అనకుండా ఉండాల్సింది.

"ఇసుకేగా అని నేనూ అనుకున్నాను. అందుకే నా ఉద్యోగం ఊడేలా ఉంది." ఆమె ఒళ్ళో ఉన్న బొమ్మల పుస్తకం తెరిచి అతని ముందు పెట్టింది. పసుపు రంగు ఇసుక, ఒక ఒంటె, రెండు ఖర్జూరం చెట్లు. "నాలుగో తరగతి భూగోళం పుస్తకానికి బొమ్మలు వేస్తున్నాను. ఇది చూసి మా ఎడిటర్‌గారు, నువ్వు ఎడారి చూశావా అమ్మా అన్నారు. లేదండీ అన్నాను. తెలుస్తూనే ఉంది అన్నారు. సోమవారానికి సరైన బొమ్మ ఇస్తే ఉద్యోగం పర్మనెంటు. ఇవ్వకపోతే ఈ పుస్తకంతోనే సరి."

"అటువైపు కూర్చుని చూడొచ్చుగా?"

"అటు రాళ్ళగుట్టలు. ఇసుక తిన్నెలన్నీ ఇటే. అది కనుక్కుని, ఈ సీటే కావాలని అడిగి మరీ తీసుకున్నాను. తలుపు దగ్గర నిలబడదామంటే ఇసుక వస్తుందని తాళం వేశారు. సాయంత్రం అయిదు దాటితే ఎడారి అయిపోతుంది. ఇంత చేసి వస్తే ఆ ఇరవయ్యేడో నంబరు మహానుభావుడు నా కళ్ళకి గంతలు కట్టాడు."

"పాపం, ఆయన తప్పు లేదేమోనండి."

"మీరెందుకు వెనకేసుకొస్తున్నారు? మీ చుట్టమా?"

"అబ్బే," అన్నాడు అతను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో ఆ క్షణంలో బాగా తెలిసింది. మాట మార్చడానికి వేరుశెనక్కాయల పొట్లం పెద్దావిడ వైపు జరిపాడు. "తీసుకోండి అత్తయ్యగారూ."

పెద్దావిడ రెండు కాయలు తీసుకుంది గాని, కళ్ళజోడు పైనుంచి అతన్ని ఎగాదిగా చూసింది.

"చూడు నాయనా. నేను దీనికి మేనత్తని. నీక్కూడా అత్తనైతే, ఇది నీకు చెల్లెలవుతుంది. ఇంకా చాలా దూరం వెళ్ళాలి కదా, తొందరేం లేదు. ఆలోచించుకుని పిలువు."

"అత్తా," అంది అమ్మాయి పళ్ళ బిగువున.

అటెండెంటు ఫిర్యాదుల పుస్తకం తెచ్చి ఇచ్చాడు. అది అడిగి గంటన్నర అయింది. అమ్మాయి పెన్ను మూత నోటితో లాగి, కాగితం చిరిగేలా ఒత్తి రాసింది. రాసిందంతా పైకి చదివింది కూడా.

"ఇరవయ్యేడో నంబరు ఇన్‌స్పెక్టరుని ఇదే సీట్లో కూర్చోబెట్టి, ఎడారి దాటేదాకా ఇదే అద్దంలోంచి చూడమనాలి. అద్దాలు బాగయ్యేదాకా తిప్పుతూనే ఉండాలి. బాగుందా?"

"బాగుందండి," అన్నాడతను తేలు కుట్టిన దొంగలా.

మధ్యాహ్నం రెండు దాటింది. పొడిగాలికి పెద్దావిడ చేతులు తెల్లగా పగిలి ఉన్నాయి. ఆవిడ సంచిలోంచి తలనూనె సీసా తీసి, నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని రుద్దుకుంది. ఊరికే చూస్తున్న కుర్రాడు ఉన్నట్టుండి నిటారుగా కూర్చున్నాడు. తెల్లటి గీతలు మాయమైపోయాయి. చెయ్యి నున్నగా, పగుళ్ళే లేనట్టు మెరుస్తోంది.

షెడ్డులో అద్దాలు అతని ముందుకి వచ్చేముందు ఏం చేస్తారు? నూనె గుడ్డతో తుడుస్తారు. పాతకాలపు మేస్త్రీ పెట్టిన పద్ధతి అది. నూనె పెడితే అద్దంలో బీట ఉంటే నల్లగా తేలుతుందని పెట్టాడు. బీటలు తేలతాయి, నిజమే. కాని ఇసుక కొట్టీ కొట్టీ పడ్డ సూదిమొనంత గుంటల్ని అదే నూనె పూడ్చేస్తుంది. బండి కదిలి, నూనె ఆరి, ఎండ పడ్డాక అద్దం తెల్లబడుతుంది. అప్పటికి తను షెడ్డు నీడలో ఇంకో అద్దానికి ముద్ర వేస్తూ ఉంటాడు.

నాలుగేళ్ళు. ఒక్కసారైనా నూనె లేకుండా చూపించండి అని అడగలేదు. అప్పటిదాకా ఆమె మీదున్న కోపమంతా తన మీదికి తిరిగింది.

మూడింటికి బండి ఒక చిన్న స్టేషన్లో ఆగింది. ఎదురుబండి వెళ్ళేదాకా పన్నెండు నిమిషాలు కదలదని అటెండెంటు చెప్పి తలుపు తీశాడు.

"ఆ నూనె సీసా ఒకసారి ఇస్తారా? సీటు కింద మీ ఇనప్పెట్టె కూడా," అన్నాడు కుర్రాడు లేచి. ఈసారి పెద్దావిణ్ణి ఏ వరసా పెట్టి పిలవలేదు.

"నూనె సరే, పెట్టెందుకు నాయనా?"

"ఎక్కడానికండి."

ప్లాట్‌ఫాం మీద పెట్టె వేసి, దానిమీద ఎక్కి, రుమాలుతో ముందు అద్దం మీది దుమ్ము దులిపాడు. తర్వాత అరచేతి నిండా నూనె పోసుకుని అడ్డంగా రాశాడు. చెయ్యి వెళ్ళినంత మేర తెలుపు పోయింది. అద్దం తేటపడింది. ఎడారి కంటే ముందు ఆమెకి కనపడింది అతని మొహమే. అతనికీ ఆమె మొహం జానెడు దూరంలో కనపడింది. పొద్దుటినుంచి చూస్తున్నాడు గాని, కోపం లేకుండా ఆ కళ్ళు ఎలా ఉంటాయో చూడటం ఇదే మొదలు. చెయ్యి ఆగిపోయింది.

లోపల్నుంచి ఆమె వేలితో అద్దాన్ని కొట్టి, పక్కకి తప్పుకోమని సైగ చేసింది.

బండి కదిలి స్టేషను దాటగానే తిన్నెలు మొదలయ్యాయి. ఇసుక పసుపుగా లేదు. ఎండ పడినచోట ఇత్తడి రంగు, నీడలో బూడిద కలిసిన నీలం. ఒక తిన్నె అంచు మీంచి సన్నగా ఇసుక లేచి గాలిలో కలిసిపోతోంది. ఒంటె లేదు, ఖర్జూరం చెట్టు లేదు. రైలుకట్టకి దగ్గర్లో ఒంటరిగా ఒక ఎండుపొద ఉంది. గాలికి దాని కొమ్మల చివర్లు ఇసుకలో రాసుకుని రాసుకుని, చుట్టూ చక్కటి గుండ్రం గీసి ఉంది.

"చూశారా? తన చుట్టూ తనే గీసుకుంది," అంది ఆమె, పెన్సిలు అప్పుడే కాగితం మీద పరుగెడుతుండగా. "మీరు పెద్ద ఉపకారం చేశారండి. మీ బుద్ధిలో సగం ఆ ఇరవయ్యేడో నంబరుకి ఉండుంటే ఎంత బాగుండేది."

అతను ఊరుకుంటే సరిపోయేది. దిగేదాకా ఆమె దృష్టిలో దేవుడిలా ఉండిపోయేవాడు. ఎవరికి తెలుస్తుంది? ఆ మాటే లోపల రెండుసార్లు అనుకున్నాడు. మూడోసారి అనుకోలేకపోయాడు.

"ఆ ఇరవయ్యేడు నేనేనండి."

పెన్సిలు ఆగింది. ఆమె అతనివైపు చూసింది, అద్దంవైపు చూసింది.

"అద్దం ఎంతసేపుంటుంది ఇలా?"

"నూనెకి దుమ్ము అంటుకునేదాకా. నలభై నిమిషాలు ఉండొచ్చు."

"అయితే మాట్లాడకండి. ఇప్పుడు మిమ్మల్ని తిట్టడానికి టైము లేదు. ముందు బొమ్మ, తర్వాత మీరు."

ఆ నలభై నిమిషాలూ అతను ఉరిశిక్ష పడినవాడిలా కూర్చున్నాడు. పెద్దావిడ మాత్రం మిగిలిన వేరుశెనక్కాయలన్నీ నిదానంగా తినేసింది. చివరికి అద్దం మట్టిరంగుకి తిరిగి మూసుకుపోయింది. ఆమె పుస్తకం మూసి, పెన్సిలు డబ్బాలో పెట్టి, చేతులు కట్టుకుంది.

"మూడు గంటలు. నా నోటితో మీ మొహం మీదే తిడుతుంటే, బాగుందండి అంటూ కాయలు ఒలుచుకుంటారా? నన్ను చూసి నవ్వుకున్నారా లోపల?"

"లేదండి. మొదట కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. చెప్పడానికి భయమేసింది."

"నా సంగతి వదిలెయ్యండి. నాకు నోరుంది, అడిగాను. ఇన్నాళ్ళుగా ఈ సీట్లో ఎంతమంది కూర్చుని ఉంటారు? మన ఖర్మ ఇంతే అనుకుని తెల్లటి అద్దం చూసుకుంటూ దిగిపోయి ఉంటారు. వాళ్ళకేం చెప్తారు?"

అతను ఫిర్యాదుల పుస్తకం తీసుకుని, ఆమె రాసినదాని కింద రాశాడు: 'పై ఫిర్యాదు అక్షరాలా నిజం. నూనె గుడ్డ ఆపి పొడిగుడ్డతో తుడవాలి. అద్దం ఎండలో చూడాలి. - 27.'

ఆమె అది చదివింది. కోపం తగ్గలేదు గాని, పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు విసిరెయ్యలేదు.

"ఇరవయ్యేడు కాక వేరే పేరేమైనా ఉందా?"

చెప్పాడు.

"ఇరవయ్యేడే బాగుంది," అందామె.

*

నెలన్నర తర్వాత అదే బండి, అదే బోగీ. పైఅధికారి ఫిర్యాదు చదివి నవ్వాడో తిట్టాడో గాని, అందులో ఉన్నట్టే ఉత్తర్వు వేశాడు. అద్దాలు బాగయ్యేదాకా వారానికోసారి ఇరవయ్యేడో నంబరు ఈ బండిలో తిరగాలి. అరిగిన అద్దాలు ఒక్కొక్కటే పీకించి కొత్తవి వేయించాడతను. ఇక మిగిలింది, ఫిర్యాదు చేసినవాళ్ళు వచ్చి చూసి సంతకం పెట్టడం. ఆమెకి ఉత్తరం వెళ్ళింది.

వస్తుందని అతను అనుకోలేదు. అనుకోలేదు గాని, చొక్కా మాత్రం ఇస్త్రీ చేయించాడు.

ఆమె వచ్చింది, మేనత్తతో సహా. బొమ్మ పాసైంది. ఎండుపొద చుట్టూ ఉన్న గుండ్రాన్ని చూసి ఎడిటర్‌గారు, ఇది చూడకుండా వేసేది కాదని ఆ క్షణమే సంతకం పెట్టారట. అదంతా ఆమె అతనికి చెప్తున్నప్పుడు కిటికీలో తిన్నెలు గాజు లేనంత తేటగా వెళ్తున్నాయి. ఇద్దరిలో ఎవరూ వాటిని పెద్దగా చూడటం లేదు.

"చూశారుగా. ఇక్కడ సంతకం పెడితే ఫైలు మూసేస్తారు," అంటూ కాగితం ముందుకి జరిపాడు.

"మూసేస్తే?"

"నా తిరుగుడు అయిపోతుంది. షెడ్డుకి వెళ్ళిపోతాను."

ఆమె పెన్ను తీసింది. కాగితం మీద ఆనించింది. మళ్ళీ తీసి మూత పెట్టేసింది.

"ఈ అద్దం మూలన గీత ఉంది."

అతను గాభరాగా లేచి చూశాడు. వేలితో తడిమాడు. "ఎక్కడండీ?"

"మీకు కనపడదులెండి. మీ కళ్ళ సంగతి నాకు తెలియనిదా. ఇంకోసారి వచ్చి చూస్తే గాని సంతకం పెట్టను."

అతనికి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక కూర్చున్నాడు.

"ఈ నెలన్నరా మీ తిట్లు లేక నాకు ఏమీ తోచలేదండి," అన్నాడు నెమ్మదిగా. "ప్రతివారం ఈ సీటు ఎదురుగానే కూర్చున్నాను. ఎవరెవరో వచ్చి కూర్చున్నారు. ఎవరి మీదా నాకు కోపమూ రాలేదు, భయమూ వెయ్యలేదు."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. బయటికి తిరిగి ఎడారి చూడటం మొదలుపెట్టింది.

అతను గొంతు సవరించుకుని పెద్దావిడ వైపు తిరిగాడు.

"పిన్నిగారూ, మీకేమైనా గీత కనపడుతోందా?"

పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుంది. పిన్ని అన్న పిలుపుని వేళ్ళమీద లెక్క కట్టి చూసుకుంది. పిన్నికి అన్న అంటే అతనికి మేనమామ. మేనమామ కూతురంటే మరదలు. వరస కుదిరింది. అప్పుడు అద్దం వైపు వంగి, తీరిగ్గా పరీక్షించింది.

"ఉంది నాయనా, పెద్ద గీతే. ఇది మా అన్నయ్యా వదినా, మీ అమ్మా నాన్నా వచ్చి చూస్తే గాని తేలదు."