ఎర్రపోగు బొత్తాం

పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించాక నాంచారమ్మకి ఒక పని ఉండేది. మొగుడి ఎదురుగా కూర్చోవడం. పానకాలు పోయి రెండేళ్లయినా ఆవిడ ఆ పని మానలేదు. ముందుగదిలో మగ్గం గుంట పూడ్చి బండలు పరిచిన చోట, గోడకి టీవీ ఉంది. అందులో పానకాలు పదకొండు నిమిషాలపాటు చీర నేస్తాడు. కొనేవాళ్లకి చూపిద్దామని కొడుకు రాము తన ఫోను నూలు డబ్బాకి ఆనించి తీసిన వీడియో అది. వాళ్లకి పంపింది మొదటి రెండు నిమిషాలే. మిగతాదంతా నాంచారమ్మ సొంతం. తెర మీద పోగుని మోసుకుంటూ నాడె అటూ ఇటూ పరిగెడుతుంటే, ఎదురుగా పీట మీద ఆవిడ చెయ్యి రాట్నం లేకుండానే కండెలు చుడుతూ ఉండేది.

చివర్లో పానకాలు ఎడమచెయ్యి గుంట గట్టు మీద ఆనుతుంది. లేవబోతున్నాడన్నమాట. సరిగ్గా అప్పుడు నాంచారమ్మ రిమోటు మీద ఎర్రపోగు నొక్కేది. ఎక్కడి మనిషి అక్కడ ఆగిపోయేవాడు. మొదటిసారి చూసినప్పుడు ఆయన లేచి పక్కకి వెళ్లి, ఉత్త మగ్గం మిగిలేసరికి, ఆసుపత్రిలో దుప్పటి మడిచిపెట్టిన మంచం గుర్తొచ్చి టీవీ కట్టేసింది. ఆ తరవాత ఆ మనిషిని ఒక్కనాడూ లేవనివ్వలేదు.

ఆ పోగు అంటించింది పానకాలే. నాంచారమ్మకి చదువు రాదు, రంగులు మాత్రం చీకట్లో అడిగినా చెబుతుంది. మీడియా ప్లేయర్ పెట్టె కొన్న రోజున ఆయన రిమోటు బొత్తాల మీద నూలు ముక్కలు జిగురుతో అంటించి పాఠం చెప్పాడు. "పచ్చది నొక్కితే నాడె కదులుద్ది. ఎర్రది నొక్కితే పోగు తెగినట్టు, ఆగుద్ది. మిగతావాటి జోలికి పోమాక."

నిన్న పొద్దున ఆ పెట్టె లేదు, రిమోటూ లేదు. కోడలు దీప్తి పైఊళ్ల నుంచి వచ్చేవాళ్లకి చీరలు ఆ టీవీలోనే చూపించి అమ్ముతుంది. పాత పెట్టె మొరాయిస్తోందని రాము టీవీ వెనక చిన్న కంప్యూటరు బిగించాడు. దానికి చూపుడువేలంత రిమోటు. "ఇది నొక్కితే మొదలవుద్దమ్మా" అని ఒక బొత్తాం చూపించి, చీరాల్లో కొట్టు తీసే వేళయిందని పరిగెత్తాడు. ఎలా ఆపాలో చెప్పలేదు.

వీడియో చివరికొచ్చేసరికి నాంచారమ్మ రాము చూపించింది తప్ప మిగతా బొత్తాలన్నీ నొక్కింది. శబ్దం పెరిగింది, బొమ్మ చిన్నదయింది. పానకాలు మాత్రం ఆగలేదు. లేచాడు. ఆవిడ గబుక్కున వెళ్లి ప్లగ్గు పీకేసింది.

ఈరోజు కాఫీ తాగి వెనక వసారాలో కూర్చుంది. ముందుగదిలోకి రాలేదు.

"అత్తయ్యా, ఉప్మా చల్లారిపోతోంది" అంది దీప్తి పళ్లెం పట్టుకొచ్చి.

"ఉల్లిపాయ వేశావా?"

"వేశాను."

"నాకొద్దు."

దీప్తి ముఖం ఎర్రబడింది. పాత పెట్టెనీ రిమోటునీ మొన్న పాత సామాన్ల బండివాడికి వేసి, రెండు కిలోల ఉల్లిపాయలు తీసుకుంది తనే. కనిగిరిలో వాళ్లమ్మ కూడా అంతే, పనికిరానిది ఇంట్లో ఉంచదు.

"నేను చేసింది తప్పయితే నన్ను అడగండి. అన్నం మీద అలిగితే ఎలాగత్తయ్యా? ఆ పెట్టె ఆగిపోయి, చీరలు చూసేవాళ్లు మధ్యలో లేచిపోతున్నారు. నేనేం చెయ్యను?"

తల తుడుచుకుంటూ రాము వచ్చాడు. "ఆ రిమోటు కోసమేనా అమ్మా ఈ గొడవంతా? వీడియో భద్రంగా ఉంది. ఒక్క ముక్క పోలేదు. కొత్తది నేర్చుకో, అంతేగా."

"అంతేగా" అంది నాంచారమ్మ. "మగ్గం తీసేస్తానన్నావు. ఒక్క మాటన్నానా? గుంట పూడుస్తుంటే తట్టెత్తి మట్టి నేనే మోశా. మీ బతుకు మీరు బతకాలి, కాదన్లేదు. ఒక్క ఎర్రపోగు ఉంచుకున్నా. దాన్నీ ఉల్లిపాయలకి వేశారు."

"రిమోటులో ఏముందమ్మా?"

"నిన్న మీ నాన్న లేచి వెళ్లిపోయాడురా."

రాము తువ్వాలు భుజాన వేసుకుని తల్లి ముందు కూర్చున్నాడు. నాంచారమ్మ ఏడుస్తూనే చెప్పింది. రెండేళ్లుగా ఆయన్ని ఎక్కడ ఆపుతోందో, ఎందుకు ఆపుతోందో. దీప్తి పళ్లెం కింద పెట్టి, అత్త పక్కనే చతికిలబడింది.

"మొదలుపెట్టేదే మళ్లీ నొక్కితే ఆగుతుందత్తయ్యా. మీరు దాన్ని నొక్కలేదా?"

"అదెట్టా నొక్కుతా? దాని మీద నాడె ముక్కు, పక్కన రెండు పడుగు పోగులు. నేత సాగమని బొమ్మేసి ఉంటే ఆపమని ఎవరనుకుంటారే?"

దీప్తి రిమోటు తెచ్చి చూసింది. ఒక త్రికోణం, రెండు నిలువు గీతలు. నేత ఇంట పుట్టిన రాముకి అది అర్థమై నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "తప్పు నాదేనమ్మా. సగం చెప్పి పోయాను."

దీప్తి లేచి చీరల మూటలోంచి ఎర్రపోగు తెంపి, జిగురు పెట్టి ఆ బొత్తాం మీద అంటించింది. ముగ్గురూ ముందుగదిలోకి వచ్చారు. అలవాటు కావాలని రాము వీడియోని చివరికి జరిపాడు. పానకాలు ఎడమచెయ్యి గట్టు మీద ఆనింది.

నాంచారమ్మ బొటనవేలు పెట్టింది. జిగురు ఇంకా ఆరలేదు. పోగు బొత్తాం మీంచి జారి వేలికి అంటుకుంది. వేలిని చూడాలో బొత్తాన్ని చూడాలో తెలియక తడుముకునేలోపు పానకాలు లేచాడు. పక్కకి తప్పుకున్నాడు. ఉత్త మగ్గం.

"కట్టెయ్యరా" అంది కళ్లు మూసుకుని.

రాము కంగారుగా రిమోటు అందుకోబోయాడు. ఇంతలో టీవీలోంచి అడుగుల చప్పుడు. దీప్తి మొగుడి చెయ్యి పట్టుకుంది. "ఉండండి. ఇటే వస్తున్నారు."

పానకాలు ముఖం తెరంతా నిండింది. కళ్లజోడు అంచున నూలు పీచు. ఫోనుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"ఏమే నాంచారీ, ఇదెట్టా ఆపాలో వీడు చెప్పి పోలేదే. ఓసారి ఇటు రా."

దూరంగా, వంటింట్లోంచి గిన్నెల చప్పుడు. ఆ వెనకే నాంచారమ్మ గొంతు, ఆయన ఉన్నప్పటిది. "వస్తన్నా, ఉండండి."

పానకాలు అటు తిరిగి నవ్వాడు. "ఉంటాలే."

ఫోను మీద ఆయన వేలు ఎక్కడ తగిలిందో, వీడియో అక్కడితో అయిపోయింది.

నాంచారమ్మ బొటనవేలికున్న పోగుని మెల్లగా ఊడదీసి, కొంగున ముడేసుకుంది.

"మళ్లీ పెట్టనా అమ్మా?" అన్నాడు రాము.

"ఇప్పుడొద్దులే. రేపు చూస్తా" అంటూ ఆవిడ పీట మీంచి లేచింది. "దీప్తీ, ఆ ఉప్మా ఇటు తే. ఉంటానన్నాడుగా."