నాలుగో రంగు

"మీ ఇంట్లో అద్దం లేదా?" అని అడిగింది ఆ అమ్మాయి.

మా మొలెకా తల నుంచి కాలి దాకా తనను తాను ఒకసారి చూసుకున్నాడు. పసుపు కోటు, ఎర్ర ప్యాంటు, ప్యాంటు మీద మోకాళ్ళ దాకా కుచ్చుల నల్ల స్కర్టు, ఆకుపచ్చ బూట్లు, నెత్తిన ఊదా టోపీ. కిన్షాసాలో, మా మతోంగే పేటలో, వాడలా నడిచొస్తే జనం పక్కకు తప్పుకుని మరీ చప్పట్లు కొడతారు.

"ఉంది. నిలువుటద్దం. ఏం?" అన్నాడు.

"ఇంకా పగల్లేదా?"

"నిన్ను చూసినా పగలదులే, భయపడకు. నీలం గౌను, నీలం చెప్పులు, నీలం సంచి! మీ బ్రజావిల్‌లో రంగులు కూడా రేషన్‌లోనే ఇస్తారా?"

అది మా వీధిలో పెళ్ళి. ఆడపెళ్ళివారు నది అవతల బ్రజావిల్ నుంచి పడవల్లో వచ్చారు. రెండు ఊళ్ళకూ మధ్య ఉన్నది ఒక్క కాంగో నది. ఇటూ కరెంటుకు దిక్కులేదు, అటూ లేదు. రోడ్ల సంగతి అడగనే వద్దు. అయినా ఆదివారం వచ్చిందంటే రెండు ఊళ్ళ మగాళ్ళూ సూట్లు తగిలించుకుని, బురదలో బూట్లు ఎత్తెత్తి వేస్తూ, మేం గొప్పంటే మేం గొప్పని ఊరేగుతారు. ఆ సూట్ల ఇస్త్రీకి బొగ్గులమ్మేవాళ్ళలో నేనూ ఒకణ్ణి గనక నోరు మూసుకుని ఉంటాను. అయిదో తరగతితో బడి మానేసిన బొగ్గులవాడి మాట ఎవడు వింటాడు? మొలెకా మా పోయిన అన్న కొడుకు. వాడే వినడు.

"మా ఊళ్ళో మనుషులు తయారవుతారు," అంది ఆ అమ్మాయి. "మీ ఊళ్ళో బట్టల కొట్టు మీదపడినట్టు ఉంటారు."

"మీ ఊళ్ళో తయారైతే శవయాత్రో పెళ్ళో తెలీదు."

ఇంతలో వాన. ఈదురుగాలికి పందిరి లేచిపోయింది. అందరూ అరుగుల మీదకు పరుగెత్తారు. ఆ అమ్మాయి జుట్టు చెదిరిపోతుందని రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నిలబడిపోయింది. మావాడు నడుం దగ్గర బొత్తాలు చకచకా ఊడదీసి, ఆ కుచ్చుల స్కర్టు విప్పి గొడుగులా పట్టాడు.

"ఛీ, ఇదా?" అంది. కానీ దాని కిందనుంచి బయటకు రాలేదు.

"పేరు చెబితే ఇంకొంచెం ఇటు జరుపుతా."

"నదేజ్. జరుపు, భుజం తడుస్తోంది."

ప్రేమంటే నాకు నమ్మకం లేదు. ఉన్న కాస్తా నా పెళ్ళాం నన్ను వదిలి వెళ్ళిన రోజున పోయింది. అయినా ఆ స్కర్టు కింద ఇద్దరూ నవ్వుకుంటుంటే, వీడి కొంప మునిగిందిరా అనుకున్నాను.

ఇక ఫోన్లు మొదలయ్యాయి. వాడు సెలవుకు అటు, ఆమె ఏదో వంకతో ఇటు. చివరికొక రోజు నా బొగ్గుల బస్తా మీద కూలబడ్డాడు.

"బాబాయ్, నువ్వు నాతో రావాలి. నదేజ్ వాళ్ళ మేనమామకు వైన్ ఇవ్వాలి."

"ఇస్తే తాగుతాడుగా. భయమెందుకు?"

"తాగితే పిల్లనిచ్చినట్టు. తాగకపోతే..." వాడు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఆయన మిలందు, బాబాయ్. బకోంగో పేటలో సూట్లవాళ్ళందరికీ పెద్ద. ఒంటి మీద మూడు రంగులు మించితే మనిషిని మనిషిగా లెక్కచెయ్యడు. నలుపూ తెలుపూ కూడా లెక్కే. నాకంటే ముందు ఒక డాక్టరు సంబంధం వచ్చిందట. బూటు లేసుల రంగు కలవలేదని గుమ్మంలోంచే పంపేశాడు."

"అయితే మూడే వేసుకో. మూడు దాకా లెక్కపెట్టడం నీకు రాదా?"

వాడు నవ్వలేదు. నాకెందుకో ఆ నవ్వకపోవడం నచ్చలేదు.

ఆ సాయంత్రమే నదేజ్ నాకు ఫోన్ చేసింది. "బాబాయ్ గారూ, మీరైనా గట్టిగా చెప్పండి. 'మీ మామయ్య ముందే నాలుగో రంగు ఎగరేస్తా' అంటుంటాడు ఎప్పుడూ. హాస్యానికేలెండి. కానీ ఆ రోజు కూడా హాస్యమాడాడంటే, మా ఇంట్లో అది నన్ను అవమానించినట్టే. నేనింకేం మాట్లాడలేను."

"నేను చూసుకుంటాలేమ్మా," అన్నాను.

ఏం చూసుకున్నాను? పొద్దున్నే వాడు తయారై వచ్చాడు. కాఫీ రంగు సూటు, తెల్ల చొక్కా, నీలం టై. బూట్లు కూడా కాఫీ రంగే. కూర్చుని లేసులు కట్టుకుంటుంటే లోపల మేజోళ్ళు ఆకుపచ్చగా కనిపించాయి. అది కొత్త ఫ్యాషనేమో అనుకున్నాను. కిన్షాసావాడికి ఎవడికైనా ఇంకేం తోస్తుంది? మేజోళ్ళను లెక్కపెట్టే ఊళ్ళో నేను ఎప్పుడైనా ఉన్నానా?

పడవలో నీళ్ళు చిమ్మితే నా చొక్కా అడ్డం పెట్టాను. నా బట్టలు ఎలాగూ నలుపే. వాడు దారి పొడుగునా పెదవి కొరుకుతూనే ఉన్నాడు.

"వాళ్ళు ఏమడిగినా నువ్వు మాట్లాడు బాబాయ్. నా నోరు తడారిపోతోంది."

"నేను బొగ్గుల బేరం మాట్లాడగలను. పిల్లలు బొగ్గులు కాదుగా."

మిలందు గారి వాకిట్లో అప్పటికే కుర్చీలు వేసి ఉన్నాయి. నదేజ్ తల్లి, పిన్నులు, చేతికర్రలూ పైపులూ పట్టుకున్న ముగ్గురు పెద్దమనుషులు. అందరూ నున్నగా ఇస్త్రీ చేసి ఉన్నారు. నదేజ్ తలుపు పక్కన గోడకానుకుని నిలబడి, చేతిలో రుమాలు మెలిపెడుతోంది. మిలందు లేత బూడిద రంగు సూటులో, అస్సలు తొందర లేకుండా మావాడి చుట్టూ తిరిగాడు.

"కోటు బాగుంది. టై ముడి బాగుంది." పక్క పెద్దమనుషులు తలలూపారు. "కిన్షాసావాడని చెప్పకపోతే తెలీదే! నడు బాబూ, చూద్దాం."

మొలెకా నడిచాడు. భయపడుతూనే బాగా నడిచాడు. ఒక పిన్ని ఈలేసింది. నదేజ్ రుమాలు వదిలేసింది. వాడికి ధైర్యమొచ్చి, సూట్లవాళ్ళు చేసే పనే చేశాడు. రెండు చేతులతో ప్యాంటు అంచులు పట్టుకుని ఠీవిగా పైకెత్తి బూట్లు చూపించాడు.

పెద్దమనుషుల పైపులు నోళ్ళలోంచి దిగాయి.

"నాలుగు," అన్నారెవరో.

మిలందు ముఖం గట్టిపడింది. "ఇదేమిటయ్యా?"

"ఏది పెద్దయ్యా?"

"ఆ మేజోళ్ళు."

"బ్రౌన్. సూటుకు కలిసేటట్టు."

పిన్నులు ఫక్కున నవ్వారు. పెద్దమనుషులు మాత్రం నవ్వలేదు. "బ్రౌనట! మా ఇంటికొచ్చి మా కళ్ళల్లోనే దుమ్ము కొడతాడా?" అని ఒకాయన కర్ర నేలకేసి కొట్టాడు.

నదేజ్ గోడ దగ్గర నుంచి కదిలొచ్చింది. "అన్నంత పనీ చేశావు కదూ?" అంది. "నీకు నేనూ హాస్యమేనా?"

"నదేజ్, నేనేం చేశాను? బాబాయ్..." వాడు నా వైపు తిరిగాడు. నుదుటి మీద చెమట. "బాబాయ్, ఇవి ఏ రంగు?"

అందరూ నన్నే చూస్తున్నారు. వాడు అడిగిన తీరు చూశాను. అది హాస్యం కాదు. వాడికి నిజంగా తెలీదు.

"ఆకుపచ్చరా," అన్నాను.

వాడు ప్యాంటు అంచులు వదిలేశాడు. "నాకు ఆకుపచ్చా బ్రౌనూ ఒకలాగే ఉంటాయి పెద్దయ్యా. ఎరుపు కూడా. పుట్టినప్పటి నుంచీ. మా అమ్మకు తప్ప ఎవరికీ తెలీదు. ఉన్నన్నాళ్ళూ ఆవిడే ఏరిపెట్టేది. తర్వాత అన్ని రంగులూ ఒకేసారి వెయ్యడం మొదలుపెట్టాను. అన్నీ వేసేస్తే ఏది తప్పో ఎవడు కనిపెడతాడు? మా ఊళ్ళో దాన్ని స్టైల్ అన్నారు."

ఇన్నేళ్ళు నా కళ్ళ ముందు తిరిగినవాడు. ఆ రంగుల కోసం నేను వాణ్ణి తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

మిలందు కుర్చీలో కూర్చున్నాడు. "అయితే కిన్షాసా ఊరంతటికీ ఇదే జబ్బా?" అన్నాడు. వాకిలి ఘొల్లున నవ్వింది. ఆయన నవ్వలేదు. చెయ్యెత్తి అందరినీ ఆపాడు.

"నాలుగో రంగు తప్పే. నేను క్షమించను. కానీ వెక్కిరించడానికి వెయ్యలేదు. నాకు అడ్డమొచ్చేది ఇంకొకటి. మా పిల్ల దగ్గర కూడా దాచావు. ఇంకేం దాచావో నాకేం తెలుసు?" వైన్ సీసా మూత తీయించి, గ్లాసు నింపి, నదేజ్ చేతికిచ్చాడు. "అడగాల్సింది నిన్నే. తాగమంటావా, పారబొయ్యమంటావా?"

నదేజ్ గ్లాసు పట్టుకుని నిలబడింది. తాగలేదు. ఇవ్వలేదు. మొలెకా ఊపిరి నాకు వినపడుతోంది.

"ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది.

"మీ ఊరి పిల్లవి. రంగు చూసే మనిషిని తూచేదానివి. చెబితే..." వాడు టై సర్దుకున్నాడు. "భయం."

"ఇప్పుడు నేనేం రంగు వేసుకున్నాను?"

వాడు ఏదో ఒకటి ఊహించి చెబుతాడని, సరదాగా తేల్చేస్తాడని భయపడ్డాను. వాడికి ఆ నోరుంది. చెప్పరా, తెలీదని చెప్పరా అని లోపల గొణుక్కున్నాను.

వాడు ఆమె గౌనును పైనుంచి కింద దాకా చూశాడు.

"తెలీదు," అన్నాడు. "ఎరుపు కావచ్చు. ఆకుపచ్చ కావచ్చు. నాకు తెలీదు నదేజ్."

ఆమె గ్లాసెత్తి ఒక గుటక తాగింది. మిగిలింది మామయ్య చేతిలో పెట్టింది.

"తాగండి మామయ్యా."

మిలందు ఒక్క గుక్కలో ఖాళీ చేసి మీసం తుడుచుకున్నాడు. పిన్నులు పాట అందుకున్నారు. ఆయన మళ్ళీ గ్లాసు నింపి నా వైపు జాపాడు.

"బావగారూ, కానివ్వండి."

నేను తొందరగా అందుకోబోయి సగం వైన్ ప్యాంటు మీద ఒలకబోసుకున్నాను. పక్కన నదేజ్ మొలెకా దగ్గరకొచ్చి నిలబడి, వాడి చేతిని తన గౌను మీద ఆనించి మెల్లగా చెబుతోంది.

"ఇది ఎరుపు."

"ఎరుపు," అన్నాడు వాడు, పంతులు ముందు నిలబడ్డ పిల్లాడిలా.