పిల్లకు దక్కని ముర్రుపాలు

గొర్రెపిల్ల చెవికి గుచ్చిన సెన్సార్ ఇంకా ఎర్రగానే వెలుగుతోంది. బీరవ్వ దాని మీది నుంచి చూపు తిప్పుకోలేకపోతోంది. పోయినేడు గూడుజ్వరం వచ్చి ఆమె మందలో పుట్టిన పిల్లలన్నిటినీ ఊడ్చిపెట్టింది. ఈ ఏడు పుట్టిన మొదటి పిల్ల ఇదే.

"గీ మిషన్‌కు పిచ్చి లేసిందా డాక్టరమ్మా? నిన్న పొద్దున పుట్టింది. పచ్చలైటు ఎప్పుడొస్తది?"

డాక్టర్ నళినాక్షి సెన్సార్‌ను మళ్లీ నొక్కి చూసింది. "మిషన్ బాగానే ఉందవ్వా. పిల్ల రక్తంలోనే యాంటీబాడీలు లేవు."

పసిపిల్లకు సూది వేసినా దాని ఒళ్లు అందుకోదు. అందుకే కొత్త వ్యాక్సిన్‌ను ఈనబోయే తల్లికి వేశారు. రోగాన్ని ఎదిరించే యాంటీబాడీలు తల్లి ఒంట్లో తయారై ముర్రుపాలలో చేరతాయి. పిల్ల పుట్టగానే ఆ పాలు తాగితే అవి పేగుల్లోంచి రక్తంలోకి దిగుతాయి, పచ్చలైటు వెలుగుతుంది. ఒక రోజు దాటితే పేగు ఆ దారి మూసేస్తుంది. ఇంత సంగతి కనిపెట్టినవాళ్లకు, మంద దగ్గర నిలబడి ఒక్క ముక్క చెప్పే తీరిక లేకపోయింది. నళినాక్షితో సహా అందరూ సూదులు వేశారు, ఫొటోలు దిగారు, జీపెక్కారు.

"పుట్టగానే పాలు తాగిందా?"

"తాగింది. మేకపాలు పట్టిన, కడుపునిండ."

"మరి తల్లి పాలేమయ్యాయి?"

బీరవ్వ నవ్వబోయి, డాక్టరమ్మ ముఖం చూసి ఆగిపోయింది. "మందల మొదలు ఈనిన గొర్రె ముర్రుపాలు జున్ను వండి, మేలు చేసినోళ్లకు పెడ్తం గద. నిన్న నువ్వే తింటివి. ఇంకింత పెట్టమంటివి."

ఏ పాలతో వండారో నళినాక్షి అడగనే లేదు. "కాగితే యాంటీబాడీలు చచ్చిపోతాయవ్వా. నాకూ కాకుండా, దీనికీ కాకుండా పోయాయి."

"ఇప్పుడు తల్లిపాలు పిండి తాపనా?"

"లాభం లేదు."

"సూదేసిన నాడు గీ మాట చెప్తే నీ నోరు అరిగిపోవునా?" బీరవ్వ పిల్లను గుండెలకు అదుముకుంది.

నళినాక్షి సూదులు వేసిన మిగతా మందలవాళ్లకు చెప్పాలని ఆత్రంగా ఫోన్ తీసింది. ఇంతలో గుట్ట కింది నుంచి నవ్వులు వినిపించాయి. చుట్టుపక్కల మందలవాళ్లు మూతపెట్టిన గిన్నెలు పట్టుకొని ఎక్కి వస్తున్నారు. ముందున్న ముసలాయన దూరం నుంచే కేకేశాడు:

"ఏమమ్మో డాక్టరమ్మా! నిన్న ఇంకింత జున్ను అడిగినవంట గద! నీకైతే ఒక్క గొర్రె పాలు ఏం సరిపోతయి? ఈనినవన్నిటి ముర్రుపాలు పిండి జున్ను వండుకొచ్చినం!"